పలాస, టెక్కలి, ఉద్దానం: బయటి తిండి, ఇంటి లెక్క

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలుమార్గం కొండలకూ సముద్రానికీ నడుమ దగ్గరదగ్గరగా సాగుతాయి. టెక్కలి, పలాస–కాశీబుగ్గ ఆ దారి మీది పట్టణాలు. రోడ్డు దాటి సముద్రం వైపు దిగితే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు పరుచుకుని ఉంటాయి. అదే ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే జనం నోట ఉద్దానమైందంటారు. ఈ ప్రాంతపు కుటుంబాలు ఇంటి బయట ఎంత తరచుగా తింటాయి, అందుకు ఎంత ఖర్చవుతుంది అన్నది ఈ వ్యాస విషయం.

కవిటి వైపు ఏ ఇంటి గుమ్మంలోనైనా నిలబడి ‘మీరు బయట తింటారా’ అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: ‘మాకెక్కడిది బాబూ, ఇంట్లోనే వండుకుంటాం.’ అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఇంటి మగమనిషి పొద్దున్నే సెంటర్‌లో టీ తాగి ఉంటాడు. జవాబు చెప్పిన ఇల్లాలు జీడి పరిశ్రమలో పనికెళితే పదిన్నరకు తనూ ఒక టీ తాగుతుంది. పిల్లలు మధ్యాహ్నం బడిలో తింటారు. కిందటి వారం చుట్టాలింట్లో పెళ్లిభోజనం అయింది. ఇవేవీ ఆమె దృష్టిలో బయట తినడం కాదు. ఈ ప్రాంతపు తిండి ఖర్చును అర్థం చేసుకోవాలంటే ఆ జవాబును కొట్టిపారేయకూడదు, దాంతో ఆగిపోనూ కూడదు.

భోజనం వేరు, టిఫిన్ వేరు

తెలుగువాడికి అన్నం తింటేనే భోజనం. ఇడ్లీ, పూరీ, ఉప్మా కడుపు నింపినా అవి టిఫిన్. పుణుకులు, బజ్జీలు, పకోడీ చిరుతిండి. టీ అసలు తిండి లెక్కలోకే రాదు. జాతీయ నమూనా సర్వేవారి పద్ధతి కూడా ఈ విషయంలో మన వాడుకకు దగ్గరగానే ఉంటుంది. వారి లెక్కలో భోజనమంటే ప్రధానంగా ధాన్యంతో వండిన పూర్తి తిండి. ఫలహారాన్ని, చిరుతిండిని భోజనంగా లెక్కపెట్టరు. ఇంటి బయట చేసిన భోజనాల్ని కూడా బడిలో తిన్నవి, యజమాని పెట్టినవి, మరోచోట ఉచితంగా దొరికినవి, డబ్బిచ్చి కొన్నవి అని విడదీసి అడుగుతారు. అంటే నెలకు ఎన్ని భోజనాలు కొన్నారని అడిగినప్పుడు ఉద్దానంలో చిన్న అంకె వచ్చినా, డబ్బు మాత్రం టీ, టిఫిన్, చిరుతిండి పద్దుల్లో పోతూనే ఉంటుంది. ఎన్నిసార్లు తిన్నారన్నదీ, ఎంత ఖర్చయిందన్నదీ ఇక్కడ ఒకే దారిన నడవవు.

ఆ సర్వే చెప్పే కుటుంబ నిర్వచనమూ మన నుడికి దగ్గరిదే. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్లు ఒక కుటుంబం. మనవాళ్లు అన్నదమ్ములు విడిపోతే ‘పొయ్యి వేరు పెట్టుకున్నారు’ అంటారు కదా, అదే కొలత. వలసలు ఎక్కువగా ఉన్న ఈ నేలలో ఆ కొలత వల్ల ఏం జరుగుతుందో కింద చూద్దాం.

అంకెలు

పైన చెప్పిన జాతీయ నమూనా సర్వేవారి ద్వారా కేంద్ర గణాంక శాఖ 2022 ఆగస్టు నుంచి 2023 జూలై వరకు ఒకసారి, 2023 ఆగస్టు నుంచి 2024 జూలై వరకు మరోసారి గృహ వినియోగ వ్యయ సర్వే జరిపింది. రెండో సర్వే ప్రకారం దేశంలో తలసరి నెల ఖర్చు పల్లెల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996. ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లో 5,327, పట్టణాల్లో 7,182. రేషన్ బియ్యంలాంటి ఉచితాల విలువ వీటిలో కలపలేదు.

మన విషయానికి పనికొచ్చే పద్దు పేరు ‘పానీయాలు, ఉపాహారాలు, ప్రాసెస్ చేసిన ఆహారం’. కొన్న టీ, హోటల్లో తిన్న భోజనం, బజ్జీ, సమోసా, చిప్స్ ప్యాకెట్, కూల్‌డ్రింక్ అన్నీ ఇందులోకే వస్తాయి. 1999–2000లో దేశంలోని పల్లెల్లో మొత్తం ఖర్చులో ఈ పద్దు వాటా 4.19 శాతం. 2011–12లో 7.90 శాతం. 2023–24లో 9.84 శాతం. పట్టణాల్లో అది 6.35 నుంచి 8.98కి, అక్కడినుంచి 11.09 శాతానికి చేరింది. తిండి ఖర్చులో ఇప్పుడు పెద్ద పద్దు ఇదే. పాలకంటే, కూరగాయలకంటే, బియ్యం గోధుమలకంటే ఇదే ఎక్కువ.

శాతాల్ని రూపాయల్లోకి మార్చి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 2011–12లో పల్లెల్లో తలసరి నెల ఖర్చు 1,430 రూపాయలు. అందులో ఈ పద్దుకు పోయింది సుమారు 113. 2023–24 నాటికి అది 405 దాటింది. మొత్తం ఖర్చు మూడు రెట్లకు కాస్త తక్కువగా పెరిగితే ఈ పద్దు మూడున్నర రెట్లు పెరిగింది. నలుగురున్న ఇల్లయితే పల్లెలో నెలకు 1,600 పైచిలుకు, పట్టణంలో 3,100 పైచిలుకు. ఇవి దేశపు సగటులు. సగటులో విశాఖ బీచ్ రోడ్డు హోటలూ, వజ్రపుకొత్తూరు బడ్డీ కొట్టూ ఒకే గిన్నెలో కలిసిపోతాయి. అందుకే ఇంటి లెక్క వేసేటప్పుడు సగటును గీటురాయిగా పెట్టుకోవాలి తప్ప అదే జవాబనుకోకూడదు.

అమెరికాలో బయటి తిండిని వేరే పద్దుగా లెక్కిస్తారు. అక్కడి కార్మిక గణాంక సంస్థ ప్రకారం 2023లో సగటు కుటుంబం తిండి మీద ఏడాదికి 9,985 డాలర్లు పెడితే అందులో 3,933 ఇంటి బయటి తిండికి పోయాయి. అంటే ప్రతి వందలో దాదాపు 40. మన సర్వేలో బిస్కట్ ప్యాకెట్టూ బిర్యానీ పొట్లమూ ఒకే మూటలో ఉన్నాయి కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ఆ మూటను రెండుగా విడదీసి చూపితే చిన్న పట్టణాల తిండి గురించి ఎంతో తెలుస్తుందని ఈ వ్యాసకర్త నమ్మకం.

సత్రం, రైలు, టిఫిన్

ఈ తీరం ఎప్పుడూ బాటసారుల దారే. పూరీ జగన్నాథుడి దర్శనానికి దక్షిణాది యాత్రికులు నడిచివెళ్లింది ఈ మార్గానే. దారిలో తిండి అమ్మేవాళ్లకంటే పెట్టేవాళ్లే ఎక్కువ. సత్రంలో అన్నం పుణ్యం కిందికి వచ్చేది, వ్యాపారం కిందికి కాదు. డబ్బు తీసుకుని అన్నం పెట్టడం తప్పనే భావం పల్లెల్లో చాలాకాలం నిలిచింది. బెజవాడ నుంచి కటక్ వరకు తీరం వెంట రైలు 1893–96 మధ్య పడింది. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది, ఆ మార్గం టెక్కలి మీదుగా పోతుంది. ఏ ఊళ్లో రైలు ఆగినా అక్కడ టీ, టిఫిన్ పుడతాయి. పలాస స్టేషన్ ఆ రకంగా ఎదిగిన చోటు. ఇచ్ఛాపురం వైపు వెళ్లేకొద్దీ టిఫిన్‌లో ఒడియా రుచి కలుస్తుంది, చట్నీ పక్కన బఠాణీల ఘుగుని కనిపిస్తుంది.

రైల్లో పోయేవాళ్లు మాత్రం ఇంటి అన్నం వదల్లేదు. విశాఖ పాసింజరెక్కే కుటుంబం చేతిలో క్యారేజీ ఇప్పటికీ ఉంటుంది. పులిహోర, వేయించిన ఎండుచేప, ఓ సీసాలో మజ్జిగ. రైల్లో కొనేది పిల్లల కోసం పల్లీల పొట్లం, పెద్దవాళ్లకు టీ, అంతే.

జీడి బట్టీల దగ్గర

పలాసలో బయటి తిండి గురించి మాట్లాడాలంటే జీడి పరిశ్రమ దగ్గర మొదలుపెట్టాలి. పలాస–కాశీబుగ్గ చుట్టుపక్కల వందలాది యూనిట్లలో జీడి పిక్కలు పప్పవుతాయి. రైతు పిక్కల్ని 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. యూనిట్లో వాటిని ఉడికించి లేదా కాల్చి, కోసి, బోర్మా అనే వేడిగదిలో ఆరబెట్టి, పైపొర తీసి, రకాలవారీగా ఏరుతారు. పిక్క కోతలోనూ తొక్క తీతలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. కూలి చాలాచోట్ల కిలో లెక్కన.

కిలో లెక్కన కూలి అనగానే తిండికి పట్టే నిమిషానికి కూడా ధర వచ్చిపడుతుంది. ఇంటికెళ్లి తిని వస్తే అరగంట, ఆ అరగంటకు కొన్ని వందల గ్రాముల పప్పు. అందుకే పొద్దున్నే నాలుగున్నరకు లేచి క్యారేజీ కట్టుకుంటారు. కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో పప్పో, పనసకాయ కూరో, ఎండుచేపల పులుసో. టీ మాత్రం బయటినుంచి రావాలి. పదిన్నర ప్రాంతంలో కుర్రాడు ఫ్లాస్కూ, పేపరు కప్పుల దొంతరా పట్టుకుని లోపలికి వస్తాడు. పిక్క కోసేవాళ్ల వేళ్లు జీడి రసానికి నల్లబడి, ఒక్కోచోట చర్మం ఊడి ఉంటాయి. నూనో బూడిదో రాసుకుని పని చేస్తారు. ఆ చేతులతో అన్నం ముట్టాలంటే సబ్బుతో రెండుసార్లు కడుక్కోవాలి. టీకి అంత పని లేదు. కప్పును పైఅంచున రెండు వేళ్లతో పట్టుకుని, ఊదుకుంటూ రెండు నిమిషాల్లో తాగేసి మళ్లీ కోతకు కూర్చుంటారు. ఇక్కడ ఆ కూలిమనిషి కొనుక్కున్నది పాలూ చక్కెరా మాత్రమే కాదు, ఆ రెండు నిమిషాల విరామం కూడా. దాన్ని దుబారా అనే మనిషి ఆ షెడ్డులో ఒక్క పూట కూర్చున్నవాడు కాడు.

టెక్కలి తీరు వేరు. అది రెవెన్యూ డివిజన్ కేంద్రం. కోర్టుకు, ఆఫీసులకు, ఆసుపత్రికి పల్లెల నుంచి వచ్చేవాళ్లు, గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు అక్కడి హోటళ్లకు ఆధారం. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం మీల్స్, సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నూడుల్స్, ఫ్రైడ్ రైస్. ఊరివాళ్లకంటే ఊళ్లోకి వచ్చినవాళ్లే ఎక్కువగా తింటారు. కాగితం పని మీద తాసీల్దారు ఆఫీసుకు వచ్చిన రైతుకు ఆ రోజు పని అవ్వకపోతే రేపు మళ్లీ బస్సు చార్జీ, మళ్లీ మీల్స్. ఆ భోజనం ఖర్చు ఏ దరఖాస్తు రుసుములోనూ కనిపించదు.

సగం వంట

గత పాతికేళ్లలో ఈ పట్టణాల్లో వచ్చిన పెద్ద మార్పు హోటల్ కాదు, కర్రీ పాయింట్. ఇంట్లో అన్నం వండుకుని కూరొక్కటీ కొని తెచ్చుకోవడం. దీని వెనక గట్టి లెక్క ఉంది. ఆహార భద్రత చట్టం కింద కార్డున్న ఇంటికి మనిషికి 5 కిలోల బియ్యం 2023 జనవరి నుంచి ఉచితంగా వస్తోంది. నలుగురికి 20 కిలోలు. ఉద్దానంలో కొంత వరి సొంతానికి పండించుకునేవాళ్లూ ఉన్నారు. కాబట్టి అన్నం దాదాపు ఖర్చులేనిది. కూరకు కూరగాయలు, నూనె, మసాలా, వాటికితోడు గంట సమయం కావాలి. సాయంత్రం ఆరున్నరకు జీడి షెడ్డు నుంచి ఇల్లు చేరిన ఆమెకు ఆ గంట లేదు. నలభై రూపాయల కూర పొట్లం ఆమెకు కూరకంటే ఆ గంటగా పనికొస్తుంది. ఇలా తినడాన్ని బయటి తిండి అనాలా, ఇంటి తిండి అనాలా? సర్వేలో కూర కొన్న తిండి పద్దులోకి పోతుంది, అన్నం ఇంటి పద్దులో ఉంటుంది, కంచంలో మాత్రం రెండూ కలిసే ఉంటాయి.

టీ సంగతి కూడా ఇంటి పొయ్యితో ముడిపడి ఉంది. ఏడాదికి మూడు వంటగ్యాస్ సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం–2 పథకాన్ని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 నవంబరు 1న ఈ ప్రాంతంలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ప్రారంభించారు. ఆ రోజు ఒక లబ్ధిదారు ఇంట్లో పొయ్యి వెలిగించి టీ కాచారు. ఇంట్లో కాచుకున్న టీ చవకే. కానీ సెంటర్‌లో తాగే టీ పని ముచ్చట్ల టీ. రేపు ఎవరి తోటలో కొబ్బరి దింపు ఉంది, బస్తా ధర ఎంత పలుకుతోంది, ఎవరి లారీ ఖాళీగా వెళ్తోంది అన్న కబురు అక్కడే దొరుకుతుంది. కూలి మనిషికి ఆ పది రూపాయలు రేపటి పని కోసం పెట్టే ఖర్చు.

ఒక ఇంటి లెక్క

ఇవన్నీ కలిపితే ఎంతవుతుందో చూడటానికి ఒక ఊహాలెక్క వేద్దాం. కాశీబుగ్గ శివారున ఒక ఇల్లు. భర్త ఆటో నడుపుతాడు, భార్య జీడి పనికి వెళ్తుంది, ఇద్దరు పిల్లలు సర్కారు బడిలో. పెద్దవాళ్లిద్దరూ పనిరోజున రెండేసి టీలు తాగితే, టీ పది రూపాయల చొప్పున రోజుకు 40. నెలకు 26 పనిరోజులకు 1,040. ఆదివారం ఇంటిల్లిపాదికీ ఇడ్లీ, దోసె పొట్లాలు 120 చొప్పున నాలుగు వారాలకు 480. వారానికి రెండు కూర పొట్లాలకు నెలకు 320. వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు బజ్జీలో నూడుల్సో 50 చొప్పున 400. నెలకొకసారి రెండు బిర్యానీ పొట్లాలకు 400. మొత్తం 2,640.

ఇందులో ఇంట్లోవాళ్లకు గుర్తుండేది బిర్యానీ ఒక్కటే. దానికి ముందు రెండు రోజులు పిల్లలు అడుగుతారు, తర్వాత రెండు రోజులు పెద్దవాళ్లు ఖర్చయిందనుకుంటారు. కానీ మొత్తంలో దాని వాటా 15 శాతమే. ఎవరికీ గుర్తుండని టీ వాటా 39 శాతం. ఆంధ్రప్రదేశ్ పల్లెల తలసరి ఖర్చును నలుగురికి లెక్కకడితే 21,308 రూపాయలు. ఆ లెక్కన ఈ 2,640 సుమారు 12 శాతం. ఇంటి ఖర్చు ఆ సగటుకంటే తక్కువైతే శాతం ఇంకా పెరుగుతుంది.

నలుగురూ హోటల్లో కూర్చుని మీల్స్ తినడం ఈ లెక్కలో లేదు. కావాలనే వదిలేశాం. మీల్స్ వంద రూపాయలనుకుంటే నలుగురికీ 400. ఉపాధి హామీ పథకంలో 2025–26లో ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన రోజు కూలి 307. ఒక మనిషి ఎండలో రోజంతా మట్టి తవ్వినా ఇల్లంతటికీ ఒక పూట హోటల్ భోజనం రాదు. అందుకే హోటల్లో కూర్చోవడం ఏదో ఒక పని మీద పట్టణానికి వచ్చినప్పటి మాట, బంగారం కొన్నప్పుడో, పెళ్లి బట్టలు తీసినప్పుడో.

పంక్తి భోజనం, చదివింపులు

ఉద్దానంలో మనిషి ఇంటి బయట చేసే భోజనాల్లో ఎక్కువ హోటల్లో కాదు, పంక్తిలో. పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు, గ్రామదేవతల సంబరాలు. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి ఉత్సవాలప్పుడు, కార్తిక సోమవారాల్లో రావివలస ఎండల మల్లికార్జునుడి దగ్గర జనం ఎంతమంది ఉంటారో, చుట్టాల ఇళ్లలో విస్తళ్లూ అన్ని పడతాయి. సంబరం ఉన్న ఊళ్లో ప్రతి ఇల్లూ ఆ రోజుకు హోటలే, బిల్లు మాత్రం ఉండదు.

సర్వే పద్ధతిలో అతిథికి పెట్టిన భోజనం ఖర్చు పెట్టిన ఇంటి పద్దులో పడుతుంది, తిన్నవాడి పద్దులో కాదు. ఆతిథ్యమిచ్చిన ఇంటికి అది న్యాయమే. కానీ తిన్నవాడూ ఊరికే తినడు. పెళ్లికెళితే చదివింపులు ఉన్నాయి. పుస్తకంలో పేరూ, ఊరూ, రూపాయలూ రాస్తారు. ఆ పుస్తకం ఆ ఇంట్లో భద్రంగా ఉంటుంది. రేపు వీళ్లింట్లో పెళ్లయినప్పుడు వాళ్లు దాన్ని తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివిస్తారు. మాఘం, వైశాఖంలో పది పెళ్లిళ్లకు వెళ్లాల్సిన ఇంటికి ఆ నెలల బయటి తిండి ఖర్చు చదివింపుల రూపంలోనే వస్తుంది. వరసైన చుట్టమైతే బట్టలు కూడా పెట్టాలి. చూడటానికి పోయేటప్పుడు మందస కోవా పొట్లం తీసుకెళ్లడం మర్యాద. వీటిని తిండి ఖర్చు కింద ఎవరూ రాయరు. ఇంటి ఆడమనిషి మాత్రం ఏ నెలలో ఎన్ని భోజనాలున్నాయో, ఎంత చదివించాలో ముందే మనసులో లెక్కేసుకుని డ్వాక్రా పొదుపు నుంచి ఎంత తీయాలో నిర్ణయిస్తుంది.

ఆసుపత్రి మెట్ల మీద

ఉద్దానం పేరు బయటి ప్రపంచానికి తెలిసింది కొబ్బరితో కంటే కిడ్నీ జబ్బుతోనే ఎక్కువ. ఈ జబ్బు ఇంటి తిండి ఖర్చును తలకిందులు చేస్తుంది. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు మంచం మీద. సోంపేట, కవిటి, హరిపురం, పలాస ఆసుపత్రుల్లో డయాలసిస్ కేంద్రాలు ఏర్పడకముందు చాలామందికి విశాఖే దిక్కు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలయ్యాక ప్రయాణం తగ్గింది. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తుంది.

రోగితో ఒక మనిషి వెళ్లక తప్పదు, ఆ మనిషి తినక తప్పదు. పొద్దున ఆరింటి బస్సుకు బయల్దేరితే టిఫిన్, రెండు టీలు, మధ్యాహ్నం ఏదో ఒకటి. ఎంత తక్కువలో సరిపెట్టుకున్నా వంద రూపాయలు. వారానికి మూడుసార్లంటే నెలకు 1,200 పైన. పైన వేసిన ఊహాలెక్కలో ఇంటిల్లిపాది టీ ఖర్చుకంటే ఇది ఎక్కువ. దీనికితోడు ఆ మనిషి పోగొట్టుకున్న కూలి. కష్టం అంతటితో ఆగదు. రోగి ఉప్పు తగ్గించాలి, పొటాషియం ఉన్నవి తగ్గించాలి, నీళ్లు కూడా కొలిచి తాగాలి. హోటల్ సాంబారు, పచ్చడి, ఊరగాయ పనికిరావు. కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్లు వద్దంటారు. కాబట్టి రోగికి ఉప్పు లేని చప్పిడి కూర ఇంటినుంచే కట్టుకొస్తారు, తోడొచ్చినవాళ్లు బయట కొనుక్కుంటారు. కొందరు అదీ చేయరు. రోగికి తెచ్చిన క్యారేజీలో మిగిలిన చప్పిడి అన్నమే తిని, గోడకు జారగిలబడి కూర్చుంటారు. బయటి తిండి గురించిన ఏ సర్వేలోనూ ఆ పూట లెక్కకు రాదు. ఎందుకంటే ఆ పూట కొన్నది ఏమీ లేదు.

వలస వెళ్లినవాళ్ల మెస్సు

ఒకే వంటింటివాళ్లు ఒక కుటుంబమన్న కొలత వల్ల, ఉద్దానం ఇళ్ల బయటి తిండిలో పెద్ద భాగం ఉద్దానం లెక్కలోకి రాదు. హైదరాబాద్, చెన్నైలలో, గల్ఫ్ దేశాల్లో, అండమాన్‌లో పనిచేసే కొడుకు తినే మెస్సు భోజనం కవిటి ఇంటి ఖర్చు కాదు. ఆ ఇంటికి వచ్చేది అతను తిన్నాక మిగిలిన జీతమే. అక్కడ మెస్సు రేటు రెండొందలు పెరిగితే ఇక్కడికి వచ్చే డబ్బు రెండొందలు తగ్గుతుంది. తల్లి ఫోన్‌లో ‘తిన్నావా నాయనా’ అని అడిగే మాటలో ప్రేమతోపాటు ఈ లెక్క కూడా ఉంటుంది. ఆరుగురు కలిసి గది తీసుకుని వంతులవారీగా వండుకునే అలవాటు ఈ వలసకూలీల్లో బలంగా ఉండటానికి రుచి ఒక కారణం, ఇంటికి పంపాల్సిన డబ్బు మరో కారణం.

గుజరాత్‌లోని వీరావల్ రేవుకు వేటకు వెళ్లే మత్స్యకారుల తీరు మళ్లీ వేరు. పడవ మీద బియ్యం, పప్పు, నూనె యజమానివి, చేప సముద్రానిది. సర్వే మాటల్లో అది యజమాని పెట్టే భోజనం. ఊళ్లో ఉన్న మత్స్యకారులకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో తీరంలోని బజ్జీ బండ్లు, టీ కొట్లు కూడా పలచబడతాయి. అదే సమయంలో పది కిలోమీటర్ల లోపలికి వస్తే జీడి పిక్కలు, పనసకాయలు అమ్మిన డబ్బుతో సెంటర్లు కళకళలాడుతుంటాయి. ఒకే మండలంలో ఒకే నెలలో ఒక ఊరు బిర్యానీ తింటుంది, ఇంకో ఊరు గంజికి దిగుతుంది. సంక్రాంతి ఒక్కటే రెండు ఊళ్లకూ సమానంగా వస్తుంది. వలస వెళ్లినవాళ్లు పిల్లాపాపలతో దిగుతారు, బారువ తీరానికి, శివసాగర్ బీచ్‌కు బండ్లు కట్టుకుని పోతారు. ఆ వారం రోజుల్లో పెట్టే బయటి తిండి ఖర్చు కొన్ని ఇళ్లలో మామూలు మూడు నెలల ఖర్చుకు సమానం.

విపత్తు వస్తే బయటి తిండి మరో రూపం తీసుకుంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఇళ్ల కప్పులు ఎగిరిపోయి, కరెంటు లేక, నీళ్లు లేక రోజుల తరబడి ఊళ్లకు ఊళ్లు సామూహిక వంటల మీద బతికాయి. అవీ ఇంటి బయట చేసిన భోజనాలే. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఐదేళ్లకు పైగా పడుతుంది. చెట్లు పోయిన ఇళ్లు ఆ ఏళ్లలో మొదట మానుకున్నవాటిలో ఆదివారం టిఫిన్ ఒకటి.

అయిదు రూపాయల పూట

బయటి తిండిలో కొంత భారాన్ని ప్రభుత్వం మోస్తోంది. బడిలో మధ్యాహ్న భోజనం పిల్లలకు ఉచితం. రాష్ట్రంలో దానికిప్పుడు డొక్కా సీతమ్మ పేరు ఉంది, నిత్యాన్నదానానికి పేరుమోసిన గోదావరి జిల్లా ఇల్లాలి పేరు. ఇద్దరు పిల్లలు నెలకు ఇరవై రోజులు బడిలో తింటే ఆ ఇంటికి నలభై పూటలు తప్పుతాయి. పట్టణాల్లో అన్న క్యాంటీన్లు 2018 జూలై 11న మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరుచుకున్నాయి. టిఫిన్, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం ఏదైనా అయిదు రూపాయలు. ఒక పూట భోజనం టీలో సగం ధరకు దొరకడం పట్టణానికి పని మీద వచ్చిన పల్లెవాడికి చిన్న సంగతి కాదు. కానీ క్యాంటీన్లు ఎక్కువగా పురపాలక పట్టణాల్లోనే ఉన్నాయి. ఉద్దానంలో ఆసుపత్రి ఉన్న ప్రతి మండల కేంద్రానికీ అవి చేరలేదు. డయాలసిస్ కేంద్రం ఉన్న ప్రతిచోటా తోడొచ్చినవాళ్లకు ఇలాంటి పూట ఒకటి ఉండాలన్నది ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

హోటల్ వైపు నుంచి చూస్తే ధర పెరగడానికి కారణాలు బిల్లులో కనపడవు. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లకు జీఎస్టీ 5 శాతమే. ఏటా 20 లక్షల లోపు వ్యాపారమున్న టీ కొట్టుకూ, టిఫిన్ బండికీ రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. వాళ్లను కుంగదీసేవి నూనె, పాలు, 19 కిలోల కమర్షియల్ గ్యాస్ బండ. ధర పెంచితే గిరాకీ పోతుందని ముందు ఇడ్లీ పరిమాణం తగ్గుతుంది, తర్వాత నాలుగు మూడవుతాయి, ఆఖరికి రేటు బోర్డు మారుతుంది. టీ కప్పు కూడా అంతే, ఏడాదికేడాది చిన్నదవుతూ వస్తోంది.

ఈ ప్రాంతపు బయటి తిండి లెక్క అందరికంటే బాగా రాసి పెట్టుకున్నది టీ కొట్టువాడే. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ వచ్చినా, దాని పక్కన పొడుగాటి ఖాతా పుస్తకం ఇంకా ఉంది. పేరుండదు, ‘కటింగు షెడ్డు 3’, ‘గూడ్స్ ఆటో’, ‘మేస్త్రి’ అని ఉంటుంది. కింద రోజుకు ఇన్ని గీతలు. జీడి యూనిట్లో కూలి పంచిన సాయంత్రం వరసగా వచ్చి డబ్బిచ్చి, తమ గీతల మీద అడ్డగీత పడేదాకా నిలబడి చూసుకుని వెళ్తారు. అడ్డగీత పడని పేజీలు వానాకాలంలో ఎక్కువ.